ప్రూవెన్

విక్ రేవులో చేపల గిడ్డంగి వెనక
గొలుసుల్ని సాగదీసే షెడ్డు ఒకటి ఉండేది.
లోపల నలభై అడుగుల ఇనుప మంచం.
లంగరు గొలుసును దాని మీద పడుకోబెట్టి
రెండు కొసలూ బిగించి
లాగుతారు,
సముద్రం లాగేదానికంటే గట్టిగా.
గొలుసు ముందు కిర్రుమంటుంది.
ఆ తర్వాత ఒక నిశ్శబ్దం.
ఆ కాసేపూ ఎఫీ బ్రెమ్నర్
చేతిలో టీ ఉన్నా తాగదు.

తెగకపోతే
చివరి లంకెను దిమ్మ మీద పెట్టి
సుత్తితో ఒక ముద్ర కొడుతుంది.
బిల్లు మీద గుమాస్తా రాస్తాడు:
ప్రూవెన్.

ఈ మాటకి తెలుగు వెతికాను.
నిగ్గు తేలిన అంటే కంసాలి కొట్టు గుర్తొస్తుంది.
కాకలు తీరిన అంటే మీసాల సేనాని.
నమ్మకమైన అందామా,
నమ్మకం మనం పెట్టేది,
వస్తువు పడి సంపాదించింది కాదు.
ఇది దెబ్బ తిన్న విశేషణం.
ఏదో ఒకటి జరిగిపోయాక గానీ
నామవాచకం పక్కన నిలబడనివ్వరు దీన్ని.

ఎఫీ మాత్రం ఆ మాట పలకదు.
"ఇక దీనికి ఢోకా లేదు కదా?" అని
కొత్త సరంగులు అడిగితే
"మంగళవారం దాకా లేదు" అంటుంది.
మంగళవారమే దాన్ని లాగింది మరి.
బుధవారం సంగతి ఆమెకేం తెలుసు?

వాళ్ళ నాన్న మర్డో.
ఆయన వాటా పడవ ఒక రాత్రి
కట్టిన చోటే కాలిపోయింది.
లోపల పదిహేడేళ్ళ ఈనియస్ కార్మాక్
నిద్రపోతున్నాడని ఎవరికీ తెలీదు.
లేదా ఒకరికి తెలుసు.
ఇన్వర్‌నెస్ కోర్టులో పదిహేనుమంది
నాలుగు రోజులు విని
మూడో తీర్పు చెప్పారు.
అప్పట్లో అక్కడ తీర్పులు మూడు:
దోషి, నిర్దోషి,
నాట్ ప్రూవెన్.
చేశావనీ అనం,
చెయ్యలేదనీ అనం,
ఇంటికెళ్ళు.

ఇంటికొచ్చాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు బతికాడు.
రొట్టెల కొట్టు ఆవిడ రొట్టె ఇచ్చేది,
చిల్లర మాత్రం చేతిలో పెట్టేది కాదు,
బల్ల మీద పెట్టేది.
ఆయన ఒక్కో నాణెం
గోటితో లేపి తీసుకునేవాడు.
ఎఫీ అది చూస్తూ పెరిగింది.
ఒక్కసారి కూడా అడగలేదు నాన్నని.
అడిగితే లాగినట్టే కదా,
తెగితే?

ఏటా వసంతంలో
గిల్బర్ట్ కార్మాక్ గొలుసు కొనడానికి వచ్చేవాడు.
ఈనియస్ అన్న.
డెబ్భై మైళ్ళలో ఇంకో షెడ్డు లేదని వచ్చేవాడో,
మరెందుకో.
ముద్ర వంక చూడడు.
వంగి, చేతి తొడుగులు తీసేసి
లంకె లంకెనూ తడుముతాడు,
కొస నుంచి కొసకి,
గంట పట్టినా.
డబ్బు ఎఫీ చేతిలోనే పెడతాడు.
మాట ఉండదు.

మర్డో పోయాడు, ఫిబ్రవరిలో.
ఆ ఊళ్ళో పెట్టెను గోతిలోకి దించేది
ఎనిమిది తాళ్ళతో.
ఏ తాడు ఎవరిదో
అంకె వేసిన చీటీ ముందే పంపుతారు.
బంధువులకి ఆరు వెళ్ళాయి.
ఏడోది షెడ్డు గుమాస్తాకి.
ఎనిమిదో చీటీ ఎఫీ
రెండు రోజులు సంచిలో పెట్టుకు తిరిగి
మూడోనాడు పోస్టులో వేసింది.
వస్తాడని కాదు.
ఉన్న తాడుకి ఒక పేరు రాయాలి.

వచ్చాడు.
గాలికి టోపీ ఎగిరిపోతుందని
చంకలో పెట్టుకున్నాడు.
తొడుగులు తీసేశాడు.
తాడును అరచేతికి రెండు చుట్లు చుట్టి
ఒకసారి, మెల్లగా,
లాగి చూశాడు.
పాస్టరు ప్రార్థన ఆపి ఆగాడు.
ఎఫీ ఊపిరి ఆగిందని
పక్కనున్న అత్తకి తెలిసింది.

ఎనిమిదిమంది దించారు.
అడుగున తాకిన చప్పుడు,
తాళ్ళు వదులైన చప్పుడు.

ఏం తేలిందని నన్నడిగితే
ఏమీ తేలలేదు.
బరువు దిగింది, అంతే.
గిల్బర్ట్ అరచేయి ఎర్రగా కందింది.
దాన్ని కోటు జేబులో పెట్టుకుని
గేటు దాకా నడిచి,
అక్కడ ఎందుకో ఆగి,
వెళ్ళిపోయాడు.

మర్నాడు మంగళవారం.
ఇనుప మంచం మీద
ఎవరిదో గొలుసు.